ఏడీహెచ్‌డీ: మందులా, శిక్షణా, థెరపీనా? ఎవరికి ఏది ముందు

"మందు మొదలుపెట్టాలా, వద్దా?" ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతిచురుకుదనం, తొందరపాటు రోజువారీ బతుకును ఇబ్బంది పెట్టే స్థితి) అని తేలిన ఇంట్లో మొదటి కొన్ని వారాలు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ఇంత చిన్న పిల్లకి మెదడు మీద పనిచేసే మందేమిటని ఒకరంటారు. ఇప్పటికే ఆలస్యమైంది, డాక్టరు చెప్పినట్టు చేద్దామని ఇంకొకరంటారు. పెద్దవాళ్ల విషయంలో ఈ వాదన మనిషి లోపలే నడుస్తుంది. ఇన్నేళ్లు ఎలాగో నెట్టుకొచ్చాను కదా, ఇప్పుడెందుకు అని.

మా అమ్మాయికి 7 ఏళ్లప్పుడు ఏడీహెచ్‌డీ ఉందని చెప్పారు. మేమూ ఆ ప్రశ్న దగ్గరే రెండు నెలలు ఆగిపోయాం. ఇప్పుడు వెనక్కి చూస్తే అసలు ప్రశ్నే తప్పుగా వేసుకున్నాం అనిపిస్తుంది. మందులు, తల్లిదండ్రుల శిక్షణ, బడిలో మార్పులు, థెరపీ అన్నవి ఒకే పని చేసే నాలుగు వస్తువులు కావు. ఒక్కోటి ఒక్కో చోట పనిచేస్తుంది. ఒక్కోదాని బరువు ఒక్కొక్కరి మీద పడుతుంది. మందు బరువు పిల్ల ఒంటి మీద పడుతుంది. శిక్షణ బరువు అమ్మానాన్నల మీద, బడి మార్పుల బరువు టీచరు మీద పడుతుంది. పెద్దవాళ్ల థెరపీలో అయితే ఆ బరువంతా ఏడీహెచ్‌డీ ఉన్న మనిషే మోయాలి. ఆ మోసేవాళ్లు నిజంగా ఎన్నాళ్లు మోయగలరు అన్నది మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఎంపికలో సగం సంగతి అక్కడే ఉందని నా నమ్మకం.

## ఎంపికకు ముందు, అది ఏడీహెచ్‌డీయేనా?

ఇది రక్తపరీక్షలోనో స్కానింగ్‌లోనో తేలేది కాదు. ఎక్కువమంది డాక్టర్లు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రకటించిన డీఎస్ఎం-5 ప్రమాణాలను చూస్తారు. శ్రద్ధ నిలవకపోవడానికి 9 లక్షణాలు, అతిచురుకుదనం, తొందరపాటులకు కలిపి ఇంకో 9 లక్షణాలు అందులో ఉంటాయి. పిల్లల్లో ఈ రెండు జాబితాల్లో ఏదో ఒకదాంట్లో కనీసం 6 కనిపించాలి. 17 ఏళ్లు, ఆ పైబడినవాళ్లలో 5 చాలు. అవి 6 నెలలకు తగ్గకుండా ఉండాలి. కొన్నయినా 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి. ఇంట్లో మాత్రమే కాకుండా ఇంకో చోట కూడా కనిపించాలి. అన్నిటికంటే ముఖ్యం, రోజువారీ బతుకును దెబ్బతీస్తూ ఉండాలి.

బడిలో బాగానే ఉండి ఇంట్లో మాత్రమే గొడవ చేసే పిల్ల విషయంలో డాక్టరు వేరే కారణం వెతకాలి. చూపు, వినికిడి, థైరాయిడ్, గురకతో నిద్ర చెదిరిపోవడం, ఆందోళన, డిప్రెషన్ ఇవన్నీ ఏడీహెచ్‌డీలాగే కనిపించగలవు. కొన్ని క్షణాలపాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే ఒక రకం మూర్ఛ కూడా అంతే. ఇంకో సంగతి చాలామంది గమనించరు. అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టమైన పిల్ల పుస్తకం ముందు కుదురుగా కూర్చోదు. అది చదువులో ప్రత్యేకమైన ఇబ్బంది కావచ్చు, ఏడీహెచ్‌డీ కావచ్చు, రెండూ కలిసి ఉండొచ్చు. కలిసి ఉండటం మామూలే.

గెంతుతూ తిరిగే మగపిల్లలు త్వరగా దొరికిపోతారు. కిటికీలోంచి బయటికి చూస్తూ మౌనంగా కూర్చునే ఆడపిల్లలు దొరకరు. వాళ్లలో చాలామందికి ఈ సంగతి పెద్దయ్యాకే తెలుస్తుంది. పెద్దవాళ్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున తయారైన 6 ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటుంది. అందులో ఎక్కువ మార్కులు వస్తే డాక్టరును కలవాలని అర్థం, అంతే. జబ్బు ఉందని దాన్ని బట్టి తేల్చుకోకండి.

పిల్లల్లో సుమారు 5 శాతం మందికి, పెద్దల్లో దాదాపు 2.5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి ఇందులో వారసత్వం వాటా 70 నుంచి 80 శాతం దాకా ఉంటుంది. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, తల్లిదండ్రుల శిక్షణ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

వయసెంత? 6 ఏళ్ల లోపు పిల్లలకు ఒక దారి, బడి పిల్లలకు ఒక దారి, పెద్దలకు ఇంకో దారి. ఈ ఒక్క ప్రశ్నతోనే సగం అయోమయం పోతుంది.

రోజులో ఎక్కడ చిరుగు పడుతోంది? "ఏకాగ్రత లేదు" అంటే చాలదు. పొద్దున తయారయ్యే గంటలోనా, క్లాసులోనా, హోంవర్క్ దగ్గరా, స్నేహితులతోనా? పెద్దవాళ్లయితే ఆఫీసు గడువుల దగ్గరా, బండి నడిపేటప్పుడా, ఇంట్లో మాటిమాటికీ గొడవల్లోనా? మందు పనిచేసే గంటలకూ మీ ఇబ్బంది ఉన్న గంటలకూ పొత్తు కుదరకపోతే ఎంత మంచి మందైనా దండగే.

ఎంత త్వరగా కావాలి? పిల్లను బడి నుంచి పంపేసే పరిస్థితి వచ్చిందా? పరధ్యానంతో రోడ్డు మీదికి పరుగెడుతోందా? ఉద్యోగం పోయేలా ఉందా? అప్పుడు మూడు నెలల తర్వాత ఫలితమిచ్చే దారిని మాత్రమే పట్టుకుని కూర్చోలేం.

పక్కన ఇంకేముంది? ఆందోళన, డిప్రెషన్, నిద్రలేమి, కళ్లో భుజాలో అదరడం లాంటి టిక్స్, గుండె సమస్య, మత్తు అలవాటు. వీటిలో ఏదున్నా లెక్క మారుతుంది.

బరువు ఎవరిది? పైన చెప్పిందే. కాగితం మీద బాగున్న పద్ధతి కంటే మీ ఇంట్లో ఆరు నెలలు నిలిచే పద్ధతే మీకు మంచిది.

| మార్గం | ఫలితం ఎప్పుడు తెలుస్తుంది | ఎక్కడ బాగా పనిచేస్తుంది | ఎక్కడ చాలదు | బరువు ఎవరి మీద |
|---|---|---|---|---|
| స్టిమ్యులెంట్ (మెదడును ఉత్తేజపరిచే) మందులు | అదే రోజు. సరైన డోసు దొరకడానికి కొన్ని వారాలు | శ్రద్ధ, కుదురు, తొందరపాటు | కొత్త నైపుణ్యం నేర్పదు. ప్రభావం దిగాక పాత స్థితే | పిల్ల ఒళ్లు: ఆకలి, నిద్ర |
| స్టిమ్యులెంట్ కాని మందులు | వారాలు పడుతుంది | రోజంతా నిలకడ. టిక్స్, ఆందోళన ఉన్నవారికి | సగటున ప్రభావం కొంత తక్కువ | పిల్ల ఒళ్లు, ఇంటివాళ్ల ఓపిక |
| తల్లిదండ్రుల శిక్షణ | 2 నుంచి 3 నెలలు | ఎదురుతిరగడం, ఇంట్లో రోజువారీ గొడవలు | క్లాసులో శ్రద్ధ | అమ్మానాన్నలు |
| బడిలో మార్పులు | కొన్ని రోజుల నుంచి వారాలు | క్లాసు పని, పరీక్షలు | ఇల్లు, స్నేహాలు | టీచర్లు |
| పెద్దలకు సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను సరిచేసే థెరపీ) | 3 నెలల దాకా | ప్లానింగ్, వాయిదా వేయడం, తనని తాను నిందించుకోవడం | మందు లేకుండా తీవ్ర లక్షణాలకు చాలాసార్లు సరిపోదు | ఏడీహెచ్‌డీ ఉన్న మనిషే |

## స్టిమ్యులెంట్ మందులు

అందరూ భయపడేది వీటి గురించే. అన్నిటికంటే ఎక్కువ పరిశోధన జరిగిందీ వీటి మీదే. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఇవి రెండు కుటుంబాలు: మిథైల్‌ఫెనిడేట్, యాంఫెటమైన్. మెదడులో డోపమైన్, నోర్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాల లభ్యతను పెంచి పనిచేస్తాయి. ఇవి నిన్న మొన్న వచ్చినవి కావు. చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు యాంఫెటమైన్ రకం మందుతో పిల్లల ప్రవర్తనలో, చదువులో వచ్చిన మార్పును 1937లోనే ప్రచురించారు. మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో తయారుచేశారు, 1950ల నుంచి వాడుకలో ఉంది. ఇంత కాలంగా వాడుతున్న మందు కాబట్టి దాని మంచీ చెడూ రెండూ డాక్టర్లకు బాగా తెలుసు. యాంఫెటమైన్ రకాలు అన్ని దేశాల్లో దొరకవు. పిల్లలకు మొదట మిథైల్‌ఫెనిడేట్, పెద్దలకు యాంఫెటమైన్ రకమో మిథైల్‌ఫెనిడేటో వాడటం ఎక్కువగా కనిపించే పద్ధతి.

వేసుకున్న రోజే తేడా తెలుస్తుంది. మామూలు మాత్ర 3, 4 గంటలు పనిచేస్తుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకాలు 8 నుంచి 12 గంటలు పనిచేస్తాయి. ఇక్కడే మొదటి బేరం వస్తుంది. ఎక్కువ గంటలు నిలిచే మాత్ర ఒక్కటి పొద్దున వేస్తే చాలు, బడిలో మళ్లీ వేసే తలనొప్పి ఉండదు, తోటి పిల్లలకు తెలియదు. కానీ సాయంత్రం ఆకలి, రాత్రి నిద్ర దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. చిన్న మాత్రతో అవసరమైన గంటలకే పరిమితం కావచ్చు. కాకపోతే ప్రభావం దిగే సమయంలో పిల్ల చిరాకుగా, ఏడుపు ముఖంతో ఉండొచ్చు. సాయంత్రం హోంవర్క్ గంట సరిగ్గా ఆ దిగే సమయంలో పడితే, మందు పనిచేయట్లేదని పొరపాటు పడతాం. మేమూ అలాగే పొరపడ్డాం. మందు ఎన్నింటికి వేశామో, గొడవ ఎన్నింటికి మొదలైందో వారం రోజులు రాసి చూశాకే అర్థమైంది.

ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం, తలనొప్పి, కడుపునొప్పి ఎక్కువగా కనిపించే సైడ్ ఎఫెక్టులు. గుండె వేగం, బీపీ కొద్దిగా పెరగొచ్చు. పొడవు పెరగడం కొంత నెమ్మదించవచ్చు. అందుకే బరువు, పొడవు, బీపీ, నాడి క్రమం తప్పకుండా చూస్తూ ఉండాలి. పిల్లకు గుండె జబ్బు ఉన్నా, దగ్గరి బంధువుల్లో ఎవరైనా చిన్న వయసులో గుండె సమస్యతో హఠాత్తుగా చనిపోయినా, ఎప్పుడైనా ఆటలో కళ్లు తిరిగి పడిపోయినా ఆ మాట మందు మొదలుపెట్టకముందే డాక్టరుకు చెప్పాలి. డోసు పిల్ల బరువును బట్టి ఒకేసారి లెక్కకట్టేది కాదు. తక్కువతో మొదలుపెట్టి, చూసుకుంటూ పెంచుతారు. పిల్ల బొమ్మలా నీరసంగా, తన స్వభావమే పోయినట్టుగా మారిందంటే డోసు ఎక్కువైందని గానీ ఆ మందు తనకు సరిపడలేదని గానీ అర్థం. అది మామూలే అని సర్దుకుపోవద్దు, వెంటనే చెప్పండి.

అలవాటు పడిపోతారేమో అన్న భయం గురించి కూడా చెప్పాలి. డాక్టరు చెప్పిన డోసులో వాడిన పిల్లలు పెద్దయ్యాక మత్తుకు బానిసలయ్యే ముప్పు ఈ మందుల వల్ల పెరుగుతుందని పరిశోధనలు చూపలేదు. కానీ పరీక్షల ముందు స్నేహితులకు ఒకటీ అరా ఇవ్వడం, రాత్రంతా మెలకువగా ఉండటానికి ఎక్కువ వేసుకోవడం నిజంగా జరిగే ప్రమాదాలు. టీనేజీ పిల్లలున్న ఇంట్లో ఈ మాత్రలు పెద్దవాళ్ల దగ్గర తాళం కింద ఉండాలి.

మొదట ప్రయత్నించిన స్టిమ్యులెంట్‌తోనే సుమారు 10 మందిలో 7గురికి మేలు కనిపిస్తుంది. ఒక కుటుంబం పనిచేయకపోతే రెండోది పనిచేయవచ్చు కాబట్టి, ఒక్క మాత్ర సరిపడనంత మాత్రాన మందుల దారి మొత్తం మూసేయకండి. మందు నుంచి ఏం ఆశించాలో మాత్రం ముందే తెలుసుకోండి. మందు వేసుకున్న పిల్ల లెక్కల పుస్తకం ముందు కూర్చోగలుగుతుంది. నాలుగేళ్లుగా వినకుండా పోయిన పాఠాలను ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పాల్సిందే.

## స్టిమ్యులెంట్ కాని మందులు

అటమాక్సెటిన్ ఇందులో ముఖ్యమైనది. అమెరికాలో 2002లో దీనికి అనుమతి వచ్చింది. దీని ప్రభావం పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకేలా ఉంటుంది, సాయంత్రం దిగిపోయే గొడవ ఉండదు. మత్తుగా వాడుకునే అవకాశం దాదాపు లేదు. కానీ పూర్తి ఫలితం తెలియడానికి 4 నుంచి 6 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. రెండో వారంలోనే "లాభం లేదు" అని ఆపేసేవాళ్లు చాలామంది. వికారం, నిద్రమత్తు ఎక్కువగా కనిపిస్తాయి. పిల్లల్లో, టీనేజీ వాళ్లలో చనిపోవాలన్న ఆలోచనలు రావచ్చని ఈ మందు మీద హెచ్చరిక ఉంది. అరుదైన విషయమే అయినా మొదటి నెలల్లో పిల్ల మూడ్‌ను దగ్గరగా గమనించాలి.

గ్వాన్‌ఫసిన్, క్లోనిడిన్ అసలు బీపీ మందులుగా మొదలైనవి. టిక్స్, నిద్ర పట్టకపోవడం, విపరీతమైన అలజడి ఉన్న పిల్లలకు వీటిని ఎంచుకుంటారు. మగత ఎక్కువ. హఠాత్తుగా ఆపితే బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు కాబట్టి మాత్రలు తరచూ మర్చిపోయే ఇంటికి ఇవి సరైనవి కావు.

ఆకలి ముందే తక్కువగా ఉన్న పిల్ల, స్టిమ్యులెంట్‌తో ఆందోళన పెరిగిన మనిషి, ఇంట్లో మత్తు అలవాటున్నవాళ్లు ఉన్న కుటుంబం. వీళ్లకు ఈ దారి గురించి డాక్టరుతో గట్టిగా అడగమంటాను. మిగతావాళ్లకు సాధారణంగా ఇది రెండో మెట్టు.

## తల్లిదండ్రుల శిక్షణ

పేరు వినగానే చాలామంది మనసు నొచ్చుకుంటుంది. మా పెంపకం బాగోలేదనా అని. కాదు. ఏడీహెచ్‌డీ పెంపకం వల్ల రాదు. కానీ ఈ పిల్లలకు మామూలు పెంపకం సరిపోదు. దూరంగా ఉన్న బహుమతి, ఎప్పుడో పడే శిక్ష వాళ్లను కదిలించవు. అందుకే ఫలితం వెంటనే, చిన్నచిన్నగా, ప్రతిసారీ ఒకేలా అందే పద్ధతిని పెద్దవాళ్లు నేర్చుకోవాలి. సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని నెలల క్లాసులు ఉంటాయి. ఒకసారికి ఒకే మాట చెప్పడం, చెప్పేటప్పుడు దగ్గరికెళ్లి కళ్లలోకి చూసి చెప్పడం, చేసిన మంచి పనిని పేరుపెట్టి మెచ్చుకోవడం, చిన్న అల్లరిని చూసీ చూడనట్టు వదిలేయడం, పెద్ద తప్పుకు ముందే చెప్పిన పర్యవసానాన్ని అరవకుండా అమలు చేయడం. వింటే తేలికే. అలసిపోయి ఇంటికి వచ్చిన రోజున కూడా అలాగే చేయడం కష్టం.

మేము గోడకు చార్టు అంటించి 8 పనులు రాశాం. చేసిన ప్రతి పనికీ ఒక స్టార్. మూడో వారానికి చార్టు ఖాళీ అయిపోయింది. మానేసింది మా అమ్మాయి కాదు. తను రోజూ వచ్చి "అమ్మా, స్టార్" అని అడుగుతూనే ఉంది, మేమే పెట్టడం మర్చిపోయాం. నాకు అది చాలా బాధ కలిగించింది. తర్వాత సైకాలజిస్ట్ సలహా మీద 8 పనులు తీసేసి ఒక్కటే ఉంచాం: పొద్దున వ్యాన్ వచ్చేలోగా షూ వేసుకుని తలుపు దగ్గర నిలబడటం. అది కుదిరాకే రెండోది. ఆ ఒక్కటి నిలబడింది.

వారసత్వం అంకె ఇక్కడ పనికొస్తుంది. పిల్లకు ఏడీహెచ్‌డీ ఉంటే అమ్మకో నాన్నకో కూడా ఉండే అవకాశం తక్కువేమీ కాదు. రోజూ ఒకేలా నడుచుకోవడమే కష్టమైన మనిషికి రోజూ ఒకేలా నడిపించే బాధ్యత అప్పగిస్తున్నాం. శిక్షణ మాటిమాటికీ ఆగిపోతోందంటే మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా, ముందు మీరు పరీక్ష చేయించుకోండి. పెద్దవాళ్లకు చికిత్స దొరికాక ఇంటి శిక్షణ దారిలో పడిన కుటుంబాలు ఉన్నాయి.

పరిశోధనలు చెప్పేది ఏమిటంటే, ఈ శిక్షణ వల్ల ఎదురుతిరగడం, ఇంట్లో టెన్షన్, అరుపులు తగ్గుతాయి, తల్లిదండ్రుల నమ్మకం పెరుగుతుంది. క్లాసులో శ్రద్ధ మీద ప్రభావం మాత్రం తక్కువ. కాబట్టి ఇంట్లో ప్రశాంతత కోసం శిక్షణలో చేరి, మార్కుల కోసం ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది.

## బడిలో మార్పులు

కిటికీకీ తలుపుకీ దూరంగా, టీచరుకు దగ్గరగా కూర్చోబెట్టడం. పెద్ద పనిని నాలుగు ముక్కలుగా ఇవ్వడం. నోటితో చెప్పినదాన్ని బోర్డు మీద కూడా రాయడం. మధ్యలో లేచి తిరగడానికి ఏదో ఒక పని అప్పగించడం. ఇది ఒంటికి ఏ హానీ లేని మార్గం, అందుకే అందరికీ ఇది ఉండాలి. అయితే క్లాసులో చాలామంది పిల్లలున్న టీచరును పది మార్పులు అడిగితే ఒక్కటీ జరగదు. రెండు అడగండి. నాకు బాగా ఉపయోగపడింది రోజువారీ చీటీ. "లేచి తిరగకుండా పని పూర్తిచేసింది", "చేయి ఎత్తి మాట్లాడింది" లాంటి రెండు మూడు వాక్యాల పక్కన టీచరు టిక్కు పెడుతుంది, ఇంట్లో దానికి ఏదో చిన్న ప్రతిఫలం ఉంటుంది. టీచరుకు ఒక్క నిమిషం పని. బడికీ ఇంటికీ మధ్య తీగ కలుస్తుంది.

పరీక్షలో అదనపు సమయం ఒక్కటే అడిగి ఊరుకోవడం నాకంత మంచి ఎంపిక అనిపించదు. శ్రద్ధ జారిపోయే పిల్లకు ఇంకో అరగంట ఇస్తే అదీ జారిపోవచ్చు. నిశ్శబ్దమైన గదో, మధ్యలో చిన్న విరామమో తోడైతే ఆ సమయం పనికొస్తుంది.

## పెద్దవాళ్లకు సీబీటీ, కోచింగ్

ఇది మామూలు కౌన్సెలింగ్ కాదు. ఏడీహెచ్‌డీ కోసం తయారైన సీబీటీలో చేతికి అందే పనులు నేర్పుతారు: అన్నిటికీ ఒకే క్యాలెండర్, పనిని మొదటి పది నిమిషాల ముక్కగా విడగొట్టడం, దృష్టి మళ్లించే వస్తువును చేతికందకుండా పెట్టడం. దాంతోపాటు "నేను సోమరిని, నా వల్ల కాదు" అన్న ఏళ్లనాటి మాటను పట్టుకుని సరిచేస్తారు. ఇలాంటి థెరపీ మీద 2010లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, మందు వాడుతున్నా ఇంకా ఇబ్బందులు మిగిలిన పెద్దలకు దీనివల్ల మేలు కనిపించింది. నా సలహా కూడా అదే. మందు మొదట, అది కాస్త కుదురు తెచ్చాక థెరపీ. మతిమరుపే సమస్య అయిన మనిషి థెరపీ అపాయింట్‌మెంట్‌నే మర్చిపోతాడు. అలాంటప్పుడు థెరపీ ఒక్కదాన్నే నమ్ముకోవడం న్యాయం కాదు.

కోచింగ్‌లో వారం వారం ఎవరో ఒకరు అడిగేవాళ్లు ఉంటారు, అది చాలామందికి మేలు చేస్తుంది. కానీ కోచ్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. శిక్షణ ఎక్కడ తీసుకున్నారో అడగండి. డిప్రెషన్ ఉంటే కోచ్ దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

## ఆహారం, ఆటలు, యంత్రాలు

చక్కెర వల్ల పిల్లలు గెంతుతారన్నది నిజం కాదు. 1995లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు ఆ సంబంధం తేలలేదు. కృత్రిమ రంగుల వల్ల కొందరు పిల్లల్లో కొద్దిపాటి ప్రభావం ఉంటుంది. తగ్గిస్తే నష్టం లేదు, చికిత్స అనుకోవద్దు. ఒమేగా-3 ప్రభావం చిన్నది. న్యూరోఫీడ్‌బ్యాక్ (మెదడు తరంగాలను తెర మీద చూపిస్తూ వాటిని అదుపు చేసుకోవడం నేర్పే పద్ధతి) ఖర్చుతో, సమయంతో కూడినది. ఎవరికి అసలు చికిత్స ఇచ్చారో తెలియనివాళ్లు కొలిచినప్పుడు దాని మేలు చాలా తగ్గిపోయింది. ఆ డబ్బు, ఆ సాయంత్రాలు తల్లిదండ్రుల శిక్షణకు పెట్టమంటాను. నిద్ర, వ్యాయామం మాత్రం ఏ దారి ఎంచుకున్నా పక్కన ఉండాల్సినవే. తక్కువ నిద్రతో ఏ మందు డోసూ సరిగా తేలదు.

## ఒకటే చాలా, రెండూ కావాలా?

దీనికి దగ్గరగా జవాబు చెప్పే పెద్ద అధ్యయనం ఒకటి అమెరికాలో జరిగింది. దాన్ని ఎంటీఏ అంటారు. 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు 579 మందిని నాలుగు గుంపులు చేసి 14 నెలలు చూశారు. ఒక గుంపుకు జాగ్రత్తగా సరిచూసిన మందు, ఒకదానికి గట్టి ప్రవర్తన శిక్షణ, ఒకదానికి రెండూ, నాలుగోదానికి బయట మామూలుగా దొరికే చికిత్స. 1999లో ఫలితాలు వచ్చాయి. అసలు లక్షణాల మీద మందు గుంపు, రెండూ కలిసిన గుంపు ముందున్నాయి. ఆ రెండింటి మధ్య పెద్ద తేడా లేదు. కానీ ఆందోళన, తల్లిదండ్రులతో బంధం, స్నేహాల లాంటి విషయాల్లో రెండూ కలిసిన గుంపు కొంత మెరుగ్గా ఉంది, అదీ తక్కువ డోసుతో.

రెండు సంగతులు ఇక్కడ గమనించాలి. నాలుగో గుంపులో చాలామంది మందు వాడుతూనే ఉన్నారు, అయినా వెనకబడ్డారు. అంటే మందుల చీటీ రాసి ఆరు నెలల తర్వాత రమ్మనడం వేరు, నెలనెలా చూసి డోసు సరిచేయడం వేరు. రెండోది, మూడేళ్ల నాటికి ఈ గుంపుల మధ్య తేడాలు చెరిగిపోయాయి. మందు పనికిరాదని కొందరు దీన్ని వాడుకుంటారు. 14 నెలల తర్వాత ఆ దగ్గరి పర్యవేక్షణ ఆగిపోయిందని, ఎవరి దారిన వాళ్లు వెళ్లారని మర్చిపోతారు. ఏ దారైనా, చూసుకునేవాళ్లు ఉన్నంతవరకే నడుస్తుందని నేను అర్థం చేసుకున్నాను.

## మీరు వీళ్లలో ఎవరు?

6 ఏళ్ల లోపు పిల్ల ఉన్నవాళ్లు. ముందు తల్లిదండ్రుల శిక్షణే. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019లో చెప్పిందీ, బ్రిటన్‌లో చికిత్సల మీద మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2018లో 5 ఏళ్ల లోపు వాళ్లకు చెప్పిందీ అదే. ఈ వయసులో సైడ్ ఎఫెక్టులు ఎక్కువ. శిక్షణ పూర్తిగా చేసి చూశాక కూడా పిల్లకు ప్రమాదం ఉంటేనే నిపుణుడితో మందు మాట ఎత్తండి.

బడి పిల్లలు, ఇంట్లోనూ బడిలోనూ ఇబ్బంది. మందు, శిక్షణ, బడి మార్పులు కలిపి. అన్నీ ఒకేరోజు మొదలుపెట్టలేకపోతే బడిలో మార్పులు అడుగుతూ మందు మొదలుపెట్టండి, శిక్షణలో చేరడానికి మీకు కాస్త ఊపిరి దొరికాక చేరండి. ఇబ్బంది తక్కువగా ఉంటే, నైస్ చెప్పినట్టు ముందు పరిసరాలు మార్చి చూసి, అప్పటికీ దెబ్బ తగులుతుంటే మందుకు వెళ్లొచ్చు.

టీనేజీ. ఇక్కడ నిర్ణయం మీ ఒక్కరిది కాదు. ఇష్టం లేని మాత్ర నాలుక కింద దాగి చెత్తబుట్టలోకి పోతుంది. "ఈ టర్మ్ వాడి చూద్దాం, నీకు ఏం తేడా అనిపిస్తే అది నువ్వే డాక్టరుతో చెప్పు" అన్న ఒప్పందం బలవంతం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. బండి నడపడం మొదలుపెట్టే వయసు కాబట్టి ఆ గంటల్లో మందు పనిచేస్తోందో లేదో కూడా చూడండి.

పెద్దయ్యాక తెలిసినవాళ్లు. బీపీ, గుండె, నిద్ర, ఇతర మందులు చూపించుకుని మందు ప్రయత్నించడం, తర్వాత సీబీటీ. ఎన్నో ఏళ్లుగా డిప్రెషన్‌కు మాత్రమే చికిత్స తీసుకుంటూ ఉంటే, ఏది ముందు పట్టుకోవాలో సైకియాట్రిస్ట్ తేల్చాలి. సాధారణంగా ఎక్కువ తీవ్రంగా ఉన్నదాన్నే ముందు పట్టుకుంటారు.

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు. మందు మీ అంతట మీరు ఆపకండి, మీ అంతట మీరు కొనసాగించకండి. మందు ఆపితే ఏమవుతుంది, ముఖ్యంగా బండి నడిపేవాళ్లకు, అన్నది కూడా ఆ లెక్కలో ఉండాలి.

మందు అస్సలు వద్దనుకునేవాళ్లు. ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. అయితే దానికో గడువు పెట్టుకోండి. శిక్షణ, బడి మార్పులు మూడు, నాలుగు నెలలు నిజంగా చేసి, అప్పటికీ పిల్ల చదువులో జారిపోతూ, స్నేహితులు లేక, "నేను చెడ్డదాన్ని" అంటూ ఉంటే మళ్లీ ఆలోచించండి. ఏళ్ల తరబడి తిట్లు తినడం కూడా ఆ పిల్లకు సైడ్ ఎఫెక్టే.

## మొదలుపెట్టాక

ఏ దారైనా ముందు ఒక వారం ఏమీ మార్చకుండా రాసుకోండి. కొలవగలిగేవి మూడు చాలు: పొద్దున తయారవడానికి పట్టిన నిమిషాలు, పూర్తయిన క్లాసు పనులు, రాత్రి నిద్రపోయిన సమయం. పెద్దవాళ్లయితే ఆలస్యంగా వెళ్లిన రోజులు, గడువు దాటిన పనులు. తర్వాత ఒకసారికి ఒకే మార్పు. మందు, కొత్త బడి, కొత్త ట్యూషన్ ఒకే వారంలో మొదలుపెడితే దేనివల్ల ఏమైందో ఎవరూ చెప్పలేరు. టీచరుకు డోసు ఎప్పుడు మారిందో చెప్పకుండా అభిప్రాయం అడిగితే ఇంకా నిజమైన జవాబు వస్తుంది.

ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, లేనివి కనిపించడం, చనిపోవాలన్న మాటలు వస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, అప్పుడే డాక్టరును పట్టుకోండి. వారాంతాల్లో, సెలవుల్లో మందు ఆపొచ్చా అన్నది మందును బట్టి, పిల్లను బట్టి ఉంటుంది. గ్వాన్‌ఫసిన్ లాంటివాటితో ఆ పని అస్సలు చేయకూడదు.

ఏడాదికి ఒకసారి ఈ మందు ఇంకా అవసరమా అని డాక్టరుతో కూర్చుని చూడాలి. ఆ రోజు పిల్లను బయట కూర్చోబెట్టకండి. మా అమ్మాయి 10 ఏళ్లప్పుడు అలాంటి ఒక సమీక్షలో, మాత్ర వేసుకున్నప్పుడు మధ్యాహ్నం ఆటలో తనకు నవ్వు రావట్లేదని చెప్పింది. మూడేళ్లుగా మేము రాసుకున్న ఏ పట్టికలోనూ ఆ మాట లేదు. డాక్టరు డోసు తగ్గించారు.